నీటి నడుమ రేవుకు ఎవరి సమ్మతి?

ఏటి ఒడ్డున పడవ ఎక్కి దిగే చోటును రేవు అంటారు. నది నడుమ మేట వేసి, పొదలు మొలిచి, నీరు తగ్గిన కాలంలో సాగుకూ మేతకూ పనికివచ్చే మిట్టను కోస్తా జిల్లాలలో లంక అనీ, ఉత్తర తెలంగాణలో గోదావరి వెంబడి కుర్రు అనీ పిలుస్తారు. ఈ రెండు మాటలు కలిసిన చోట ఒక న్యాయశాస్త్ర ప్రశ్న పుడుతుంది. చుట్టూ నీరున్న నేలకు మనుషులను చేర్చే రేవును కొత్తగా కట్టాలన్నా, ఉన్న రేవును తీసివేసి మెరుగైనది నిర్మించాలన్నా ఎవరెవరి సమ్మతి కావాలి, ఆ సమ్మతులలో ఏది ముందు, ఏది వెనుక అన్నదే ఆ ప్రశ్న. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు సముద్రానికి ఎంతో దూరంలో ఉన్నందువల్ల దీవులూ రేవులూ తీరప్రాంతపు వ్యవహారాలని అక్కడివారికి అనిపించవచ్చు కాని, గోదావరీ మానేరూ ఈ మూడు ప్రాంతాలకు ఆ ప్రశ్నను తెచ్చి పెట్టి చాలాకాలమే అయింది.

2022 జూలై వరదలలో జగిత్యాల జిల్లా రాయికల్ మండలం బోర్నపల్లి దగ్గరి కుర్రులో తొమ్మిది మంది వ్యవసాయ కూలీలు చిక్కుకుపోగా జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం వారిని బయటకు తెచ్చింది. ఆ వార్త కోసం వెళ్లిన ఒక టెలివిజన్ విలేకరి వాగు ప్రవాహంలో కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయాడు. ఇది నది తానే చేసిన దీవి. మనిషి చేసిన దీవి రాజన్న సిరిసిల్ల జిల్లాలో కనిపిస్తుంది. బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర మానేరుకు అడ్డంగా కట్టిన మధ్య మానేరు జలాశయం, అంటే ఇప్పుడు శ్రీ రాజరాజేశ్వర జలాశయమని పేరు మార్చుకున్న ప్రాజెక్టు, నిండినప్పుడు దాని వెనుక నీరు వరదవెల్లి గుట్టను చుట్టుముట్టడంతో ఆ గుట్ట మీది గురు దత్తాత్రేయ ఆలయం దీవి మీది ఆలయమైంది. ఒకప్పుడు కాలినడకన ఎక్కిన గుట్టకు మార్గశిర పౌర్ణమి నాటి దత్త జయంతికి భక్తులు పడవలో వెళ్లవలసి వచ్చింది.

నది చేసిన దీవికీ జలాశయం చేసిన దీవికీ చట్టం ముందు పోలిక తక్కువ. తెలంగాణ భూమి రెవెన్యూ చట్టం 1317 ఫసలీ నాటిది. ఫసలీ అంటే నిజాం పాలనలో శిస్తు లెక్కలకు వాడిన సంవత్సర గణన, 1317 ఫసలీ సుమారుగా క్రీస్తుశకం 1907వ సంవత్సరంతో సరిపోతుంది. ఆ చట్టం ప్రకారం మరొకరి హక్కు రుజువైతే తప్ప నదుల, వాగుల, చెరువుల గర్భాలు ప్రభుత్వ ఆస్తి. కాబట్టి కుర్రు మీద తరతరాలుగా పుచ్చకాయలో పెసలో పండించుకునే రైతుకు చాలా సందర్భాలలో అనుభవమే ఉంటుంది గాని పట్టా ఉండదు. జలాశయం నడుమ మిగిలిన గుట్ట కథ వేరు. దాని చుట్టూ ఇప్పుడు నీరున్న నేల నిన్నటి దాకా పేరుపేరునా పట్టా ఉన్న సాగుభూమి, ఇళ్ల స్థలం, శ్మశానం, బాట. దానిని ప్రభుత్వం పరిహారమిచ్చి సేకరించి నీటిపారుదల శాఖకు అప్పగించింది. రేవు కట్టవలసిన ఒడ్డు ఎవరిదన్న మొదటి ప్రశ్నకు కుర్రు దగ్గర రెవెన్యూ శాఖా, గుట్ట దగ్గర నీటిపారుదల శాఖా జవాబు చెప్పడానికి కారణం ఇదే.

సమ్మతి అనే మాటను కూడా ఇక్కడే విడదీసి చూడాలి, ఎందుకంటే కచేరీలలో అది నాలుగు పేర్లతో తిరుగుతుంది. తన భూమిని లేదా నీటిని మరొకరు వాడుకోవడానికి యజమాని ఇచ్చేది అనుమతి. ఒక పని వల్ల తన పరిధిలోని ప్రయోజనాలకు భంగం లేదని ఒక శాఖ ఇచ్చే కాగితం నిరభ్యంతర పత్రం. ఆఫీసులలో దీనినే ఎన్ఓసీ అంటారు. ఒక వృత్తిని లేదా సేవను నిబంధనలకు లోబడి నడపడానికి ఇచ్చేది లైసెన్సు. ఇక సమ్మతి అన్న మాట అచ్చంగా చట్టంలోనే ఉన్నది కాలుష్య నియంత్రణకు సంబంధించిన 1974 నాటి నీటి చట్టంలో. రేవు దగ్గర హోటలో మరుగుదొడ్లో కట్టి వాటి మురుగునీటిని బయటకు వదలాలంటే కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనకు ఒక సమ్మతి, నడపడానికి మరొక సమ్మతి తీసుకోవాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి చేతికి వచ్చినా మిగిలినవి వచ్చినట్లేనని దరఖాస్తుదారులు భావించడం పరిపాటి. చట్టం దృష్టిలో అవి వేటికవే. నిరభ్యంతర పత్రం ఎవరికీ యాజమాన్య హక్కు ఇవ్వదు, యజమాని అనుమతి నిర్మాణ భద్రతకు హామీ కాదు.

రాజ్యాంగం రేవుల విషయంలో అధికారాన్ని ముగ్గురి మధ్య పంచింది. ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 13వ అంశం రోడ్లు, వంతెనలతో పాటు పడవ రేవులను రాష్ట్రాలకు ఇచ్చింది. పార్లమెంటు జాతీయ జలమార్గమని ప్రకటించిన నదులలో యంత్రంతో నడిచే పడవల రాకపోకలను కేంద్ర జాబితాలోని 24వ అంశం కేంద్రానికి ఇచ్చింది. మిగిలిన లోతట్టు జలమార్గాలలో యంత్రపు పడవల విషయం ఉమ్మడి జాబితాలోని 32వ అంశంగా ఇద్దరికీ చెందింది. చాలామంది గమనించని మూడవ వాటా గ్రామాలది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదకొండవ షెడ్యూలు, పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలను పేర్కొంటూ, 13వ అంశంగా రోడ్లు, మోరీలు, వంతెనలు, రేవులు, జలమార్గాలను చెప్పింది. రాష్ట్ర జాబితాలోనూ 13, పంచాయతీల షెడ్యూలులోనూ 13 కావడం యాదృచ్ఛికమే అయినా, రేవు అన్నది ఊరి వ్యవహారమన్న భావన రాజ్యాంగానికి కొత్తది కాదని గుర్తుపెట్టుకోవడానికి అది సులువైన ఆనవాలు.

వరదవెల్లి వంటి చోటును తీసుకుని, అక్కడ పక్కా రేవు కట్టాలనుకుంటే పని ఎలా నడవాలో చూస్తే ఈ చట్టాలన్నీ ఒక దారానికి వస్తాయి. మొదటిది భూసేకరణ చిక్కు. సాగునీటి ప్రాజెక్టు కోసమని సేకరించిన భూమిలో యాత్రికుల రేవో పర్యాటక రేవో కట్టవచ్చునా? 1894 నాటి పాత భూసేకరణ చట్టం కింద సేకరించిన భూమి ఒకసారి ప్రభుత్వానికి దఖలుపడిన తరువాత దానిని మరొక ప్రజాప్రయోజనానికి వాడుకోవచ్చునని న్యాయస్థానాలు చెబుతూ వచ్చాయి. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం 99వ సెక్షన్ మాత్రం సేకరించినప్పటి ప్రయోజనాన్ని లేదా దానికి సంబంధించిన ప్రయోజనాన్ని మార్చడానికి వీల్లేదని కట్టడి చేసింది. ఒకే జలాశయం కింద కొన్ని సర్వే నంబర్లు పాత చట్టం కింద, మరికొన్ని కొత్త చట్టం కింద సేకరణ జరిగి ఉంటే ఒకే ఒడ్డున పది అడుగుల తేడాలో న్యాయస్థితి మారిపోవచ్చు. అందువల్ల రేవు నక్షా గీయడానికి ముందు ఆ సర్వే నంబరు అవార్డు, అంటే పరిహారాన్ని నిర్ణయించిన అధికారిక ఉత్తర్వు, ఏ చట్టం కింద ఏ తేదీన వెలువడిందో చూడటం అవసరం. ఈ ఒక్క కాగితం చూడకుండా మొదలైన పనులే తరువాత కోర్టు మెట్లు ఎక్కుతాయి.

రెండవది నీటి మట్టం. మధ్య మానేరు పూర్తి మట్టం సముద్రమట్టానికి 318 మీటర్లు. ఆ మట్టంలో అది 25 టీఎంసీలకు పైగా నీటిని పట్టుకుంటుంది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. వానాకాలంలో నిండి, యాసంగి పంటలకూ తాగునీటికీ వదిలాక వేసవిలో బాగా దిగిపోయే జలాశయంలో ఒడ్డు ఒకే చోట ఉండదు. కార్తీకంలో మెట్లకు తాకే నీరు వైశాఖానికి ఎక్కడికో జరిగిపోయి, నడుమ బురద మిగులుతుంది. చెరువు నిండినప్పుడు మునిగి, ఎండినప్పుడు తేలే నేలను తెలంగాణలో శిఖం అంటారు. శిఖం భూమిలో పక్కా కట్టడం కూడదన్నది పాత కట్టుబాటే. నేటి నిబంధనలలో ఆ నేల హద్దుకు ఎఫ్‌టీఎల్ అని, అంటే పూర్తి నీటి మట్టం గీత అని, కొత్త పేరు వచ్చింది. 2012 ఏప్రిల్‌లో వెలువడిన 168 నంబరు జీవోలోని భవన నిర్మాణ నిబంధనలు 10 హెక్టార్లు, అంతకు మించిన జలాశయాల ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్ల మేర, పట్టణ పరిధికి బయట నది హద్దు నుంచి 100 మీటర్ల మేర ఖాళీ ఉంచాలని, ఆ పట్టీలో వినోద అవసరాలకు తప్ప కట్టడాలు రాకూడదని చెబుతున్నాయి. దీనిని అక్షరాలా పాటిస్తే టికెట్ల గది, విశ్రాంతి గది, వాహనాల నిలుపుదల నీటికి దూరంగా ఉండాలి. నీటి మీద ఉండవలసినది తేలియాడే రేవు, అంటే గాలి నింపిన పెట్టెలను జోడించి నీటితో పాటు లేచి దిగేలా ఒడ్డుకు గొలుసులతో కట్టిన వేదిక. చట్టమూ ఇంజనీరింగూ ఒకే జవాబు చెప్పే అరుదైన సందర్భం ఇది. ఏడాదంతా వాడకంలో ఉండే రేవు కావాలంటే తేలే రేవు తప్ప దారి లేదు, విప్పి తీసుకుపోగల రేవుకు సమ్మతి దొరకడం కూడా కాంక్రీటు ఘాటుకు దొరకడం కంటే తేలిక.

మూడవది ఆనకట్ట భద్రత. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్లకు మించి ఎత్తున్న ఆనకట్టలన్నింటినీ నిర్దేశిత డ్యాములుగా గుర్తించి, వాటి భద్రతకు యజమానిని, అంటే ఇక్కడ రాష్ట్ర నీటిపారుదల శాఖను, బాధ్యుణ్ని చేసింది. మధ్య మానేరు కట్టకు ఈ విషయంలో ఒక చేదు జ్ఞాపకం ఉంది. 2016 సెప్టెంబరు వరదలో, నిర్మాణం ఇంకా సాగుతుండగానే, మట్టికట్ట తెగింది. గేట్లకు, కట్టకు ఎంత దూరంలో పడవలు తిరగవచ్చునో, గేట్లు ఎత్తే ముందు రేవుకు ఎవరు కబురు పెట్టాలో నిరభ్యంతర పత్రంలోనే రాయించుకోవడం ఇందుకే ముఖ్యం. అలా రాయించుకోని పత్రం రేవుకు రక్ష కాదు, అలంకారం.

నాలుగవది నీటి మీద ఇప్పటికే హక్కున్నవారి సమ్మతి. ముంపులో భూమి పోగొట్టుకున్న కుటుంబాలకు, గంగపుత్ర, ముదిరాజ్ కులాలవారి మత్స్య సహకార సంఘాలకు జలాశయంలో చేపల వేట బతుకుతెరువు. పడవల దారి వలల మీదుగా పోతే ఆ తగవు ఏ జీవోతోనూ తీరదు. పుట్టి, తెప్ప నడపడం తెలిసినవారు కూడా వారే కాబట్టి రేవు నిర్వహణలో వారికి వాటా ఇచ్చే ఒప్పందం వ్యవహారజ్ఞానం ఉన్న పని. ఆలయం 1987 నాటి దేవాదాయ చట్టం కింద నమోదై ఉంటే దాని మాన్యం మీద రేవు కట్టాలన్నా, కౌలుకు ఇవ్వాలన్నా ఆ శాఖ ముందస్తు మంజూరు తప్పనిసరి. చివరగా, వినడానికి వింతగా ఉన్నా, ఏ పంచాయతీ తీర్మానం చేయాలన్న ప్రశ్న మిగులుతుంది. ముంపు గ్రామం పునరావాస కాలనీకి తరలిపోయాక గ్రామసభ కాలనీలో జరుగుతుంది, గ్రామం సర్వే నంబర్లు నీటి కింద ఉంటాయి. తన నేలను ప్రాజెక్టుకు ఇచ్చిన ఊరే ఆ నేల మీది నీటిలో రేవు కోసం దరఖాస్తుదారుగా నిలబడవలసి రావడంలో ఒక అన్యాయపు ఛాయ ఉంది. ఆ ఊరి తీర్మానాన్ని మిగతా కాగితాలన్నింటి కంటే ముందు పెట్టడం ద్వారా దానిని కొంతైనా సరిదిద్దవచ్చు.

చిత్తడి నేలల నిబంధనలు, తీరప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా ఇక్కడ వర్తిస్తాయని కొందరు అనుకుంటారు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు నదీ ప్రవాహాలనూ, తాగునీటికీ సాగునీటికీ మనిషి కట్టిన జలాశయాలనూ తమ నిర్వచనం నుంచి మినహాయించాయి. తీరప్రాంత నియంత్రణ సముద్రపు ఆటుపోటు తాకే నీటి వరకే. కాకినాడ దగ్గరి హోప్ దీవికి అవసరమయ్యే ఆ కాగితాలు సిరిసిల్లకు అక్కరలేదు.

గోదావరి దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. 2016 నాటి జాతీయ జలమార్గాల చట్టం దేశంలోని జలమార్గాల సంఖ్యను 111కు పెంచుతూ, అంతకు ముందు గోదావరి మీద రాజమండ్రి నుంచి భద్రాచలం వరకే ఉన్న నాలుగవ జాతీయ జలమార్గాన్ని నాసిక్ దాకా పొడిగించింది. కాబట్టి కోరుట్ల నియోజకవర్గంలోని ఇబ్రహీంపట్నం, మల్లాపూర్ మండలాల అంచునా, రాయికల్, ధర్మపురి ఒడ్డునా పారే గోదావరి చట్టరీత్యా జాతీయ జలమార్గమే. ఎగువన శ్రీరాంసాగర్ గేట్లు మూసి ఉన్న ఎండాకాలంలో అదే నదిలో మోకాలి లోతు నీరు దాటి అవతలి ఒడ్డుకు నడిచివెళ్లేవారికి ఈ సంగతి చెబితే నవ్వుతారు. అయినా చట్టం నీటి లోతును కాక షెడ్యూలులోని పేరును చూస్తుంది. మానేరు ఆ షెడ్యూలులో లేదు. అందువల్ల సిరిసిల్ల రేవుకు రాష్ట్రం వరకు వెళితే చాలు, జగిత్యాల రేవుకు మాత్రం కేంద్ర సంస్థ అయిన భారత లోతట్టు జలమార్గాల ప్రాధికార సంస్థ తలుపు కూడా తట్టాలి. ఆ సంస్థ 2025లో ప్రకటించిన జెట్టీలు, టెర్మినళ్ల నిర్మాణ నిబంధనల ప్రకారం జాతీయ జలమార్గం మీద రేవు కట్టదలచినవారు, ప్రైవేటు వ్యక్తులైనా సరే, దాని నిరభ్యంతర పత్రం పొందాలి. ఇప్పటికే ఉన్న రేవులు కూడా ఆ నిబంధనల పరిధిలోకి వస్తాయి. తాత్కాలిక రేవుకు మొదట ఐదేళ్ల గడువు, ఆపై పొడిగింపు ఉంటాయి. శాశ్వత రేవును కట్టినవారే దాని ఆయుష్షు తీరేదాకా నడపవచ్చు. పడవ ఆగే ప్రతి చోటూ టెర్మినల్ అవుతుందా, పండుగ రోజుల్లో నాలుగు చెక్కలు వేసి నడిపే రేవుకు కూడా ఈ పత్రం కావాలా అన్నది ఈ నిబంధనల ముందు నిలిచే ప్రశ్న. ఊరి రేవులను పెద్ద సరుకు రేవుల తూకంతో తూచడం సబబు కాదు.

గోదావరికి ఇంకొక గుణం ఉంది. ఇక్కడ అది జిల్లాల హద్దు. దక్షిణపు ఒడ్డు జగిత్యాలది, ఉత్తరపు ఒడ్డు నిర్మల్, మంచిర్యాల జిల్లాలది. కాబట్టి ఒక రేవుకు ఉన్న రెండు గట్లు ఇద్దరు కలెక్టర్ల కింద ఉంటాయి. ఉత్తరపు ఒడ్డున, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి ఉంది. ఆ అడవి భూమిలో గుంజ పాతాలన్నా 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం ఆమోదం, అభయారణ్య పరిధి అయితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద జాతీయ వన్యప్రాణి మండలి పరిశీలన కావాలి. అవతలి ఒడ్డున కొన్ని గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతంలో ఉన్నందువల్ల 1996 నాటి పెసా చట్టం అక్కడ భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని కోరుతుంది. దక్షిణపు గట్టు మీద వెల్గటూరు మండలంలోని కోటిలింగాల ఇంకొక రకం జాగ్రత్తను గుర్తుచేస్తుంది. శాతవాహన వంశ మూలపురుషుడు శిముకుని నాణేలు దొరికిన ఆ చోట నేల కింద నగరం ఉంది. ఎల్లంపల్లి జలాశయం వెనుక నీరు ఆ ఒడ్డు దాకా వచ్చింది. కేంద్ర పురావస్తు రక్షణలోని స్థలమైతే 100 మీటర్ల లోపు కట్టడం నిషిద్ధం, ఆపై 200 మీటర్లు అనుమతికి లోబడిన పట్టీ. రాష్ట్ర రక్షణలోని స్థలానికి 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం వర్తిస్తుంది.

ఈ నదికి రేవుల చరిత్ర ఎంత పాతదో చెప్పడానికి ఖానాపూర్ వైపున్న బాదనకుర్తి చాలు. బౌద్ధుల సుత్తనిపాతంలో కనిపించే బావరి ఆశ్రమం గోదావరి దీవిలో ఉండేదన్న సంప్రదాయాన్ని ఆధారం చేసుకుని కొందరు చరిత్రకారులు ఆ దీవి బాదనకుర్తేనని గుర్తించారు. బావరి శిష్యులు పదహారు మంది బుద్ధుణ్ని చూడటానికి ఉత్తరానికి బయలుదేరినప్పుడు ఏ రేవులో దాటారో గ్రంథం చెప్పదు కాని, నిరభ్యంతర పత్రం అడిగినవారు మాత్రం ఉండి ఉండరు.

రేవుకు సమ్మతి వేరు, పడవకు సమ్మతి వేరు. ఈ రెండింటి మధ్య ఖాళీలోనే ప్రాణాలు పోయాయి. 2017 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణానదిలో, ఫెర్రీ అన్న పేరే ఊరి పేరుగా స్థిరపడిన ఇబ్రహీంపట్నం సమీపంలో, అనుమతి లేని ప్రైవేటు పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో 77 మందితో వెళుతున్న పర్యాటక పడవ మునిగితే బయటపడినవారు 26 మంది. నది ఉధృతంగా ఉన్న రోజున ఆ పడవ బయలుదేరకుండా ఆపగల అధికారం ఎవరిదన్న ప్రశ్న అప్పుడు శాఖల మధ్య తిరిగింది. ఒడ్డు ఒకరిది, నీరు ఒకరిది, పడవ రిజిస్ట్రేషను ఇంకొకరిది అయినప్పుడు పడవను ఆపడం ఎవరి పనీ కాకుండా పోతుంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చి 2022 జూన్ నుంచి అమలవుతున్న 2021 నాటి లోతట్టు నౌకల చట్టం యంత్రపు పడవలకు సర్వేను, అంటే నిపుణుడి తనిఖీని, ఆపై రిజిస్ట్రేషన్‌ను, నడిపేవారికి అర్హత పత్రాన్ని, ప్రయాణికులకు బీమాను తప్పనిసరి చేసింది. తెడ్డుతో నడిచే పుట్టి, తెప్పల నమోదును స్థానిక సంస్థలకు అప్పగించే వీలు కూడా అందులో ఉంది. పుట్టి లెక్క పంచాయతీ దగ్గర ఉండటం చిన్న విషయంగా కనిపించవచ్చు. బోర్నపల్లి వంటి కుర్రులకు ఏ పొద్దున ఎంతమంది వెళ్లారో, సాయంత్రానికి ఎంతమంది తిరిగివచ్చారో చెప్పగలిగేది ఆ లెక్కే.

ఇలా అధికారం పలువురి మధ్య చీలిపోవడానికి నాగార్జునకొండ తెలుగువారికి తెలిసిన పెద్ద ఉదాహరణ. కృష్ణ మీద సాగర్ ఆనకట్ట లేవడంతో లోయలోని బౌద్ధ కట్టడాలను విప్పి కొండ మీదికి తరలించగా, 1966లో అక్కడ ప్రదర్శనశాల తెరుచుకుంది. లాంచీ తప్ప వేరే దారి లేని ఆ దీవిలో దిగే గట్టు పురావస్తు శాఖది, నీరు నీటిపారుదల శాఖది, చుట్టూ అడవి పులుల అభయారణ్యానిది, లాంచీ పర్యాటక సంస్థది, ఎక్కే రేవులలో ఒకటి ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌ది, మరొకటి తెలంగాణది. న్యూజిలాండ్ వంటి దేశంలో ఇటువంటి రేవును పునర్నిర్మించాలంటే 1991 నాటి వనరుల నిర్వహణ చట్టం కింద నేల, నీరు, తీరం అన్నింటికీ కలిపి ఒకే సమ్మతి ప్రక్రియ నడుస్తుంది, పనివల్ల బాధపడేవారి అభ్యంతరాలను అందులోనే వింటారు. అక్కడ కూడా ఏళ్ల తరబడి సాగిన కేసులు ఉన్నాయి కాబట్టి ఒకే గవాక్షం ఉంటే అన్నీ చక్కబడతాయని అనడానికి లేదు. అయినా బాధపడేవారి మాట ప్రక్రియ మొదట్లోనే వినడమన్న ఆ పద్ధతిని ఇక్కడి గ్రామసభ ఏ కొత్త చట్టమూ లేకుండానే పాటించవచ్చు.

ఈ సమ్మతులన్నీ చేతికి వచ్చినా న్యాయస్థానం ప్రశ్నించదగిన విషయం ఒకటి మిగిలే ఉంటుంది. 1996లో బియాస్ నది ఒడ్డున ఒక హోటలు కోసం నదినే మళ్లించిన కేసులో సుప్రీంకోర్టు, నదులు ప్రభుత్వం ఇష్టం వచ్చినట్లు వాడుకునే సొత్తు కావనీ ప్రజల తరఫున ప్రభుత్వం చేతిలో ఉన్న ధర్మనిధి అనీ తేల్చింది. దీనిని ప్రజా విశ్వాస సూత్రం అంటారు. అదే సూత్రాన్ని 2006లో తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువులకు వర్తింపజేసి, అక్కడ ఇకపై కొత్త కట్టడాలు కూడదని ఆదేశించింది. రేవు ఈ సూత్రానికి విరుద్ధం కాదు, ఎందుకంటే రేవు ప్రజలను నీటి దగ్గరికి చేర్చేదే. రేవు పేరుతో ఒడ్డుకు కంచె వేసి, టికెట్టు లేనివారిని నీటికి దూరం చేసినప్పుడు, బట్టలు ఉతుక్కునే చాకిరేవునూ పశువులు దిగే బాటనూ మూసినప్పుడు అది విరుద్ధమవుతుంది. పునర్నిర్మాణ ప్రణాళికలలో మొదట మాయమయ్యేవి ఈ రెండే.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. ధర్మపురి ఘాట్లకు నిధులు, నిర్మాణాలు ఎలాగూ వస్తాయి. ఆ సందడిలో కుర్రుల రేవులు, జలాశయాల నడుమ గుట్టల రేవులు ఎవరి జాబితాలోనూ చేరకపోవచ్చు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకొకసారి గ్రామసభ జరపాలని చెబుతున్నందున, గోదావరి, మానేరు ఒడ్డున ఉన్న ప్రతి పంచాయతీ రానున్న గ్రామసభలోనే తన పరిధిలోని రేవుల పేర్లను, వాటి సర్వే నంబర్లను, అక్కడ నడిచే పుట్టులను, తెప్పలను, పడవలను పుస్తకంలో రాయించి, తీర్మానం నకలును కలెక్టరుకూ నీటిపారుదల శాఖ కార్యనిర్వాహక ఇంజనీరుకూ పంపించుకోవాలి.